లెక్కలు రాని పిల్లలు లేరు, పక్కన కూర్చునే పెద్దలు కావాలి

కృష్ణలంక తల్లిదండ్రులకు, కాలేజీల్లో చదువుతున్న మన అన్నలకు, అక్కలకు, రిటైరైన మాస్టార్లకు, పంతులమ్మలకు, కొట్లలో పద్దులు రాసేవాళ్లకు, లెక్క తెలిసిన ప్రతి ఒక్కరికీ విజ్ఞప్తి



మన పేటలో పిల్లల చదువు గురించి నలుగురు మాట్లాడుకుంటే ఆ మాటలు చివరికి లెక్కల దగ్గరికే వచ్చి ఆగుతాయి. "మావాడు అన్నిట్లో బాగానే ఉంటాడండీ, ఒక్క లెక్కలే ఎక్కవు." "మా పాపది నా పోలికే, నాకూ లెక్కలంటే భయమే." ఈ మాటలు పిల్లల ఎదుటే అంటున్నాం. నాలుగో తరగతిలో విన్న పిల్ల ఆరో తరగతికి వచ్చేసరికి ఆ మాటను తనే అనడం మొదలుపెడుతుంది. ఎనిమిదికి వచ్చేసరికి లెక్కల పుస్తకం తెరవడం మానేస్తుంది. పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాక మనం అప్పో సప్పో చేసి ట్యూషన్‌లో వేస్తాం. అప్పటికి చేతిలో మిగిలేది రెండు మూడు నెలలు. ఆ కొద్ది కాలంలో జరిగేది బట్టీ పట్టించడం తప్ప మరేమీ కాదు.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. లెక్కలు రాని పిల్ల అంటూ లేదు. ఏదో ఒక తరగతిలో ఏదో ఒక సంగతి అర్థం కాకుండా ఉండిపోయింది. అది ఎక్కడో ఎవరూ కూర్చుని వెతకలేదు. వెతికే పెద్దమనిషి ఒకరు పక్కన ఉంటే ఆ పిల్ల మళ్లీ కదులుతుంది. అలాంటివాళ్లు మన పేటలోనే ఉన్నారు. వాళ్లను పిలవడానికే ఈ కరపత్రం.

402 లోంచి 178 పోతే ఎంత?

ఏడో తరగతి చదివే మన పేట కుర్రాడి నోటుపుస్తకంలో ఈ లెక్క కనిపించింది. 402 లోంచి 178 తీసివేయాలి. వాడు 376 అని రాశాడు. పక్కన ఎర్ర ఇంకుతో తప్పు గుర్తు. కింద సరైన జవాబు 224 అని రాసి ఉంది, వాడు దాన్ని ఐదుసార్లు చూచిరాత రాశాడు. అంతే, అక్కడితో ఆ పేజీ అయిపోయింది.

"నీకు 376 ఎలా వచ్చింది నాన్నా?" అని అడిగాం. వాడు తడుముకోకుండా చెప్పాడు. "రెండులోంచి ఎనిమిది పోదు కదక్కా, అందుకని ఎనిమిదిలోంచి రెండు తీశాను, ఆరు. సున్నాలోంచి ఏడు పోదు, ఏడులోంచి సున్నా తీశాను, ఏడు. నాలుగులోంచి ఒకటి పోతే మూడు."

చూశారా? వాడు గుడ్డిగా రాయలేదు. వాడికి ఒక పద్ధతి ఉంది, చిన్నదాన్ని పెద్దదాంట్లోంచి తీసెయ్యాలి అని. ఇలాంటి ఏ తీసివేత ఇచ్చినా అదే పద్ధతిలో, అదే తప్పు చేస్తాడు. ఆ పద్ధతి ఎందుకు పనికిరాదో తెలియనంతవరకు సరైన జవాబును ఐదుసార్లు కాదు, యాభైసార్లు రాయించినా రేపు మళ్లీ 376 లాంటిదే రాస్తాడు.

అప్పుడు వాడి చేతిలో నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు పెట్టాం. "దీంట్లోంచి నాకు నూట డెబ్బై ఎనిమిది ఇవ్వు." వాడు నోట్ల వంక చూసి "చిల్లర లేదక్కా" అన్నాడు. "మార్చుకో మరి." ఒక వంద ఇచ్చి పది పది నోట్లు తీసుకున్నాడు. అందులో ఒక పది ఇచ్చి పది రూపాయి బిళ్లలు తీసుకున్నాడు. ఇప్పుడు వాడి దగ్గర మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు రూపాయలు. అందులోంచి నూట డెబ్బై ఎనిమిది లెక్కపెట్టి ఇచ్చాడు. రెండు వందలు, రెండు పదులు, నాలుగు రూపాయలు మిగిలాయి. బడిలో 402 అంకెల్ని కొట్టేసి పైన రాయించే 3, 9, 12 ఎక్కడి నుంచి వస్తున్నాయో వాడికి ఏడో తరగతిలో మొదటిసారి తెలిసింది. మూడో తరగతిలో తెలియాల్సిన సంగతి అది. ఇదంతా పావుగంట పని.

ఆ కుర్రాడు సెలవు రోజుల్లో వాళ్ల నాన్నతో కాళేశ్వరరావు మార్కెట్‌కి వెళ్తాడు. ముప్పావు కిలో బెండకాయలు, పావు కిలో పచ్చిమిర్చి, రెండు కట్టల తోటకూర కలిపి ఎంతైందో నోటితో చెప్పి, ఐదొందల నోటుకి చిల్లర సరిగ్గా ఇస్తాడు. అదే లెక్క కాగితం మీద పెడితే తప్పుతాడు. ఇది వాడొక్కడి సంగతి కాదు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో కొబ్బరి బోండాలు అమ్మే పిల్లల్ని గమనించిన పరిశోధకులు 1985లోనే ఈ మాట రాశారు. అంగట్లో తప్పకుండా చెప్పిన లెక్కనే బడి పద్ధతిలో ఇస్తే ఆ పిల్లలు తడబడ్డారు. మన దేశంలో ఢిల్లీ, కోల్‌కతా మార్కెట్లలో పనిచేసే పిల్లలతో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో బృందం చేసిన అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. అక్కడా అదే తేలింది. అంతేకాదు, బడిలో పుస్తకం లెక్కలు చేసే పిల్లలకు అంగడి లెక్క ఇస్తే వాళ్లూ తడబడ్డారు. మన పిల్లలకు తెలివి తక్కువై కాదు, చేతిలో ఉన్న లెక్కకూ పుస్తకంలో ఉన్న లెక్కకూ మధ్య దారి ఎవరూ వెయ్యక ఈ పరిస్థితి వచ్చింది. ఆ దారి వెయ్యడమే మేం మిమ్మల్ని అడుగుతున్న పని.

నలభై మందిలో ఒకడికి ఎక్కడ తప్పిందో ఎవరు చూస్తారు?

దీనికి బడి పంతుళ్లను తిట్టడం తేలిక. మేం తిట్టడం లేదు. నలభై మంది పిల్లలు, నలభై ఐదు నిమిషాల పీరియడ్, ఈ నెలాఖరుకి పూర్తి చెయ్యాల్సిన సిలబస్. పాఠం చెప్పే సమయం తీసేస్తే మనిషికి ఒక్కో నిమిషం కూడా దక్కదు. ఏ పిల్ల మూడో తరగతి దగ్గర ఆగిపోయిందో, ఏ పిల్లాడు భిన్నాల దగ్గర ఆగాడో తెలుసుకోవాలంటే ఆ పిల్ల మాట్లాడుతుంటే వినాలి. తరగతి గదిలో మాట్లాడేది పంతులుగారు, వినేది పిల్లలు.

ఈ సంగతి దేశానికి తెలియనిది కాదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని కూర్చోబెట్టి చదివించి, లెక్క చేయించి 'అసర్' నివేదిక ఇస్తోంది. 2024 నివేదిక ప్రకారం ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు సుమారు 31 శాతమే. అంటే పదిమందిలో ఏడుగురు భాగహారం రాకుండానే ఆరో తరగతికి వెళ్తున్నారు. పై తరగతుల్లో వాళ్ల కోసం దశాంశాలు, రుణ సంఖ్యలు, బీజగణితం కాచుకుని ఉంటాయి. లెక్కలు ఒకదాని మీద ఒకటి నిలిచే నిచ్చెన మెట్లు. సోషల్‌లో ఒక పాఠం వదిలేసినా తర్వాతి పాఠం చదువుకోవచ్చు. ఇక్కడ కింద మెట్టు ఊడితే పైన ఎంత కష్టపడినా కాలు నిలవదు.

పైగా ఇప్పుడు పరీక్షల తీరే మారుతోంది. 2024-25 నుంచి మన రాష్ట్రంలో పదో తరగతి లెక్కలకూ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే వచ్చింది. సీబీఎస్ఈ బడుల్లో పదో తరగతి ప్రశ్నపత్రంలో సగం ప్రశ్నలు విషయాన్ని నిజ జీవితానికి అన్వయించి చెయ్యాల్సినవే. సూత్రం బట్టీ పట్టి, గైడులో ఉన్న అంకెలు మార్చి రాసే పద్ధతితో ఇక గట్టెక్కలేం. కాన్సెప్ట్ అర్థమైతేనే లెక్క అవుతుంది.

ఇక ట్యూషన్ల సంగతి. నెలకు వందలు, వేలు కడుతున్నాం. అక్కడా ఒక గదిలో పాతికమంది, బోర్డు మీద అదే లెక్క, అవే 'ముఖ్యమైన ప్రశ్నలు', వారం వారం స్లిప్ టెస్టు, దాంట్లో మళ్లీ ర్యాంకులు. బడిలో అర్థం కాని పాఠాన్నే సాయంత్రం మరోసారి, ఇంకొంచెం వేగంగా చెప్తున్నారు. ఫౌండేషన్ అని ఫ్లెక్సీలు కట్టి ఆరో తరగతి పిల్లలతో పదకొండో తరగతి సూత్రాలు చదివిస్తున్నారు. భాగహారం రాని పిల్లకు ఆ ఫౌండేషన్ ఎలా నిలుస్తుంది? ట్యూషన్ చెప్పి బతికేవాళ్ల పొట్ట కొట్టాలని మాకు లేదు. ఒక్కటే కోరుతున్నాం. పాతికమందిని తీసుకునే ముందు ప్రతి పిల్లా ఎక్కడ ఆగిందో ఒక్కరోజు కూర్చుని చూడండి.

పక్కన కూర్చోవడం అంటే ఏమిటి?

మొదటిరోజు పాఠం చెప్పొద్దు. అడగండి. ఐదారు చిన్న లెక్కలు ఇచ్చి, ఒక్కోదానికి "ఎలా చేశావో చెప్పమ్మా" అనండి. జవాబు సరైనదైనా అడగండి. చాలాసార్లు సరైన జవాబు వెనక కూడా తప్పు ఆలోచన దాక్కుని ఉంటుంది. అడిగినప్పుడు పిల్ల చెప్పేది ఆఖరుదాకా వినండి. మధ్యలో దిద్దాలని నోటిదాకా వస్తుంది, ఆగండి. ఈ ఆగడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం.

8 + 4 అని రాసి, సమానం గుర్తు పెట్టి, ఒక ఖాళీ గడి గీసి, దాని పక్కన + 5 అని రాయండి. గడిలో ఏం వస్తుంది? చాలామంది పిల్లలు 12 అని రాస్తారు. రావాల్సింది 7. వాళ్లకు సమానం గుర్తు అంటే "ఇక్కడ జవాబు రాయి" అని అర్థం. రెండు పక్కలా ఒకే విలువ ఉండాలని ఎవరూ చెప్పలేదు, ఎక్కాల పుస్తకంలోనూ కనపడదు. ఈ ఒక్క చిన్న సంగతి తెలియక ఎంతోమంది ఏడో తరగతిలో సమీకరణాల దగ్గర కూలబడిపోతున్నారు. త్రాసు తెచ్చి ఒక పక్క ఎనిమిది, నాలుగు గోలీలు, ఇంకో పక్క ఐదు గోలీలు పెట్టి "ఇటు ఇంకా ఎన్ని వెయ్యాలి?" అంటే రెండో తరగతి పిల్ల కూడా చెప్తుంది.

భిన్నాలు చూడండి. సగానికి మూడో వంతు కలిపితే ఎంత? పైవి పైకి, కిందివి కిందికి కలిపేసి ఐదింట రెండు అంటారు. తప్పు అని కొట్టెయ్యకండి. "ఐదింట రెండు పెద్దదా, సగం పెద్దదా?" అని అడగండి. పిల్ల ఆలోచిస్తుంది. ఐదింట రెండు సగం కన్నా తక్కువ. సగానికి ఇంకొంత కలిపాక సగం కన్నా తక్కువ ఎలా అవుతుంది? ఆ అనుమానం పిల్లకే కలగాలి. ఆ తర్వాత ఒకే పొడుగున్న మూడు కాగితం పట్టీలు తీసుకోండి. ఒకదాన్ని రెండు, ఇంకోదాన్ని మూడు, మూడోదాన్ని ఆరు సమాన భాగాలుగా మడత పెట్టించండి. సగం పట్టీ ఆరింట మూడు గళ్లకు సరిపోతుంది, మూడో వంతు ఆరింట రెండు గళ్లకు సరిపోతుంది. రెండూ పక్కపక్కన పెడితే ఆరింట ఐదు. క.సా.గు. ఎందుకు కట్టాలో అప్పుడు చెప్పండి. ఇక ఆ పిల్ల జన్మలో మర్చిపోదు.

0.5 పెద్దదా, 0.25 పెద్దదా అంటే 0.25 అనే పిల్లలు బోలెడుమంది, ఇరవై ఐదు ఐదు కన్నా పెద్దది కదా అని. అర కిలో, పావు కిలో తూకం రాళ్లు చేతికివ్వండి, చాలు.

పైతరగతుల వాళ్లకు కూడా ఇంతే. a, b కలిపి వర్గం చేస్తే a వర్గం, b వర్గం వస్తాయని రాసేస్తారు. ఒక్కో భుజానికి 13 గళ్లున్న చదరం గీయించండి. దాన్ని పది, మూడు చొప్పున నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి విడగొట్టండి. ఒక మూల నూరు గళ్లు, ఎదురు మూల తొమ్మిది గళ్లు. 109 అయింది. 13 పదమూళ్లు 169 కదా, మిగతా అరవై ఎక్కడ పోయాయి? పక్కనే రెండు ముప్పైలు కూర్చుని ఉంటాయి. వాటి పేరే 2ab. సూత్రం నేర్చుకోవడానికి అది తప్ప మరో దారి అక్కర్లేదు.

రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకు వస్తుందని పిల్ల అడిగితే "అది రూలు" అనకండి. 3 సార్లు -2 అంటే -6, 2 సార్లు అంటే -4, 1 సారి అంటే -2, 0 సార్లు అంటే 0. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా జవాబు రెండు పెరుగుతోంది. ఇంకో మెట్టు దిగి -1 అంటే? పిల్లే చెప్తుంది, +2 అని.

ఎక్కాలు వద్దని మేం అనడం లేదు. ఎక్కాలు రావాలి, నోటికి రావాలి. అయితే ఏడు ఎనిమిదులు మర్చిపోయిన పిల్ల "ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, దానికి రెట్టింపు యాభై ఆరు" అని తనే పట్టుకోగలగాలి. జ్ఞాపకం తప్పినా ఆలోచన ఆదుకోవాలి.

ఇందులో ఒక క్రమం ఉంది, దాన్ని మటుకు తప్పకండి. ముందు చేతికి వస్తువు, తర్వాత కాగితం మీద బొమ్మ, చివరికి అంకె, గుర్తు. జెరోమ్ బ్రూనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో చెప్పిన మాట ఇది. బడిలో తొందరలో మొదటి రెండూ వదిలేసి మూడోదానితోనే మొదలుపెడుతున్నారు. ఖర్చేమీ లేదు. చింతగింజలు, అగ్గిపుల్లల కట్టలు, పాత క్యాలెండర్ కాగితాలు, టైలర్ టేపు, తూకం రాళ్లు, చిల్లర నాణేలు చాలు.

ఇంకో సంగతి. ఇంగ్లిష్ మీడియంలో చదివే మన పిల్లల్లో చాలామంది లెక్క రాక కాదు, ప్రశ్న అర్థం కాక ఆగిపోతున్నారు. 2020 నుంచి మన ప్రభుత్వ బడి పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగుగా వస్తున్నాయి. తెలుగు పేజీ తెరవడం నామోషీ కాదు. ముందు తెలుగులో చదివించండి, తెలుగులో మాట్లాడనివ్వండి, తర్వాత ఇంగ్లిష్ వైపు చూపించండి. మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత సార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చి శతాబ్దాలు దాటింది. లెక్కను తెలుగులో ఆలోచించడం మనకు కొత్తేమీ కాదు.

మాకు బీఈడీ లేదు కదా అంటారా?

అక్కర్లేదు. ముంబయిలో, వడోదరలో 2000ల మొదట్లో ప్రథమ్ సంస్థ ఒక పని చేసింది. ఆ పేటల్లోనే ఉండే, ఉన్నత పాఠశాల చదువు పూర్తి చేసిన అమ్మాయిలకు కొద్దిరోజులు శిక్షణ ఇచ్చి, వెనకబడిన పిల్లల్ని పదిహేను ఇరవై మంది చొప్పున వాళ్లకు అప్పగించింది. ఆ అమ్మాయిలను బాలసఖి అన్నారు. బెనర్జీ, డుఫ్లో, వాళ్ల సహచరులు దీన్ని పరీక్షించి చూశారు. పిల్లల చదువు మెరుగుపడింది, అందరికన్నా వెనకబడినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వాళ్లకు ఎంతవరకు వచ్చో దాన్నిబట్టి కూర్చోబెట్టి నేర్పే పద్ధతి ఆ అనుభవంలోంచి పెరిగింది. 2019లో మైఖేల్ క్రెమర్‌తో కలిసి బెనర్జీ, డుఫ్లోలకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చినప్పుడు లెక్కలోకి వచ్చిన కృషిలో ఇదీ ఉంది.

అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ అనే విద్యా మనస్తత్వవేత్త 1984లో ఒక వ్యాసం రాశాడు. ఒక్కరికి ఒక్కరుగా కూర్చుని నేర్పితే మామూలు విద్యార్థి కూడా తరగతిలో పైవరసలో ఉన్నవాళ్లను అందుకున్నాడని అందులో చూపించాడు. అంత పెద్ద తేడా తర్వాత అధ్యయనాల్లో ప్రతిచోటా కనపడలేదు. కానీ మేలు జరుగుతుందన్న మాట నిలిచింది. షికాగో హైస్కూళ్లలో ఇద్దరు పిల్లలకు ఒక ట్యూటర్ చొప్పున రోజూ లెక్కలు నేర్పిస్తే మార్కులు గట్టిగా పెరిగాయి. ఆ ట్యూటర్లలో ఎక్కువమంది టీచర్ శిక్షణ పొందినవాళ్లు కారు. కోవిడ్‌లో బడులు మూతపడ్డప్పుడు బోట్స్వానాలో వారానికోసారి ఫోన్ చేసి పిల్లలతో ఇరవై నిమిషాలు లెక్కలు మాట్లాడారు. ఫోన్ అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు, మెసేజులు మాత్రమే అందుకున్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మనిషి గొంతు, మనిషి చెవి ఉన్నచోటే ఫలితం కనపడింది. యాప్‌లు కొనివ్వగలిగినవాళ్లు కొనివ్వండి. యాప్ కొన్నాం కదా అని పిల్ల పక్క నుంచి లేచిపోకండి.

తల్లులకు ఒక మాట

"మాకే చదువు లేదు, మేమేం నేర్పుతాం?" అని వెనక్కి తగ్గొద్దు. మీరు నేర్పక్కర్లేదు, నేర్పమనండి. "ఈరోజు ఏం లెక్క చేశావు, నాకు చెప్పు" అని కూర్చోండి. మీకు అర్థం కాకపోతే "అర్థం కాలేదు, మళ్లీ చెప్పు" అనండి. చెప్పే ప్రయత్నంలో పిల్లకే తన తప్పు దొరుకుతుంది. మిషను కుట్టే అమ్మలూ, రెండున్నర మీటర్ల గుడ్డలో మూడు జాకెట్లు ఎలా తీయాలో తేల్చేటప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని పైకి మాట్లాడుతూ లెక్క కట్టండి. అది బడిలో చెప్పే వైశాల్యమే. బీసెంట్ రోడ్డులో "ఇరవై శాతం పెంచి ఇరవై శాతం తగ్గింపు" అంటే వంద రూపాయల చీర తొంభై ఆరుకే వస్తుందని పిల్లతో తేల్పించండి. ముఖ్యంగా ఆడపిల్లల విషయం. "ఆడపిల్లకు లెక్కలెందుకు, ఆర్ట్స్‌లో చేరుతుందిలే" అన్న మాట మన ఇళ్లలో ఇంకా వినపడుతోంది. ఆ మాట ఇవాళ్టి నుంచి ఆపాలి.

మనం చేసే పని

వారానికి మూడు సాయంత్రాలు, సోమ, బుధ, శుక్రవారాలు. ఆరు నుంచి ఆరూ నలభై ఐదు వరకు. మన కమ్యూనిటీ హాల్లో. ఒక పెద్దమనిషికి ముగ్గురు పిల్లలు, అంతకు మించి వద్దు. అదే ముగ్గురు, అదే మనిషి, వేసవి సెలవులకు బడి మూసేదాకా. రోజుకొకరు మారితే పిల్ల నోరు విప్పదు.

ఫీజు లేదు. ర్యాంకులు లేవు. చెయ్యి ఎత్తడం, తిట్టడం, "ఇంత తేలికది కూడా రాదా" అనడం ఇక్కడ ఉండవు. అలా అనేవాళ్లు ఎంత చదువుకున్నవాళ్లయినా వాళ్లను వద్దంటాం. తలుపులు తెరిచే ఉంటాయి, హాల్లో ఎప్పుడూ ఇద్దరికి తగ్గకుండా పెద్దవాళ్లు ఉంటారు, ఏ పిల్లనూ ఒంటరిగా ఎవరింటికీ పిలవకూడదు. తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి కూర్చుని చూడొచ్చు. బడి పంతుళ్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని 2009 విద్యాహక్కు చట్టం అంటోంది. ఇది ట్యూషన్ కాదు. మాస్టార్లు వచ్చి మాకు సలహా చెప్తే, మా తప్పులు దిద్దితే చాలు, నేర్పే పని మేం చేస్తాం.

ఇంజనీరింగ్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరు నాలుగేళ్లుగా చేస్తున్న క్యాల్‌క్యులస్ ఇక్కడ పనికిరాదు. భిన్నాలు ఎందుకు అలా కలపాలో చెప్పగలగడం కావాలి. మొదటి వారం మీకే కష్టంగా ఉంటుంది, తట్టుకోండి. రిటైరైన మాస్టారూ, పంతులమ్మా! మీరు ముప్పై ఏళ్లు పిల్లలు చేసే తప్పులు చూశారు. ఏ తప్పు వెనక ఏ ఆలోచన ఉంటుందో మీకు తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు. మీరు పాఠం చెప్పకపోయినా ఫరవాలేదు, వచ్చి కూర్చోండి, మాకు దారి చూపండి. కిరాణా కొట్టు అన్నలూ, తూకం రాళ్లు, పాత త్రాసు ఉంటే ఇవ్వండి.

తల్లిదండ్రులారా, వచ్చేటప్పుడు పిల్ల మార్కుల కార్డు తేవొద్దు. పాత లెక్కల నోటుపుస్తకాలు తీసుకురండి, తప్పులున్న పేజీలు చింపకుండా తీసుకురండి. మాకు కావాల్సింది ఆ పేజీలే.

ఇప్పటికి నేర్పడానికి సిద్ధంగా ఉన్నవాళ్లం కొద్దిమందిమే. లెక్కల్లో ఆగిపోయిన పిల్లలు ప్రతి వీధిలో ఉన్నారు. ఒక వీధికి ఇద్దరు పెద్దవాళ్లు ముందుకొచ్చినా ఈ ఏడాది పని మొదలవుతుంది. ఈ ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు కమ్యూనిటీ హాలుకు రండి. రాలేనివాళ్లు ఈ కరపత్రాన్ని పక్కింటివాళ్లకు చదివి వినిపించి వాళ్లను పంపండి.

ఇట్లు,
మీ పేటవాసులు